మగవాడికి రోగం, ఆడదానికి నింద: వెండా సమాజంలో సుఖవ్యాధుల నమ్మకాలు

దక్షిణాఫ్రికా ఉత్తరపు కొసన, లింపోపో నది దాటితే జింబాబ్వే వచ్చే చోట, సౌట్‌పాన్స్‌బర్గ్ కొండల చుట్టూ వెండా జనం ఉంటారు. ఇప్పుడది లింపోపో రాష్ట్రంలోని వెంబె జిల్లా. పెద్ద ఊరు తొహొయాండౌ. వర్ణవివక్ష ప్రభుత్వం 1979లో ఈ ప్రాంతాన్ని ‘స్వతంత్ర దేశం’ అని ప్రకటించింది. బయటి ప్రపంచంలో ఒక్క దేశమూ ఆ స్వాతంత్ర్యాన్ని గుర్తించలేదు. 1994లో మళ్ళీ దక్షిణాఫ్రికాలో కలిపేశారు. దేశమన్న పేరు వచ్చిందే గానీ ఉద్యోగాలు రాలేదు. మగవాళ్ళు దాదాపు 500 కిలోమీటర్ల అవతల జోహనెస్‌బర్గ్ వైపు గనులకూ ఫ్యాక్టరీలకూ వెళ్ళి, మగవాళ్ళ హాస్టళ్ళలో ఉండి, క్రిస్మస్‌కో ఈస్టర్‌కో ఇంటి ముఖం చూసేవారు.

సుఖవ్యాధులు ఊళ్ళలోకి ఎక్కువగా ఆ దారినే వచ్చాయి. అయినా ఊళ్ళో వాటిని పిలిచే పేరు ‘మల్వాడ్జె ఆ వఫుమకాడ్జి’, అంటే ఆడవాళ్ళ జబ్బులు. జబ్బు పడేది మగవాడైనా పేరు అదే. ఆడదాని రక్తంలో పుట్టిన మలినం మగవాడికి అంటుకుంటుందని దీని వెనుక లెక్క.

దీన్ని మూఢనమ్మకమని ఒక్క మాటలో తీసిపారేస్తే పని సులువవుతుంది గానీ విషయం అర్థం కాదు. ఆ జనం కళ్ళతో చూసింది చాలావరకు నిజం. చూసిన వరుస కూడా నిజమే. దేని వల్ల ఏది జరిగిందన్న దగ్గరే లెక్క తలకిందులైంది. అలా తలకిందులు కావడానికి ఈ సూక్ష్మజీవుల నడత కూడా బాగా కలిసొచ్చింది.

ముందు నమ్మకం ఎలా అల్లుకుందో చూద్దాం. ఆడదాని శరీరంలో చేరే మలినం నెలనెలా ముట్టుతో బయటికి పోతుందని పాతకాలపు అవగాహన. బిడ్డ కడుపులో పడితే ఆ రక్తం బిడ్డను కట్టడానికి పోతుంది. కాబట్టి రక్తం దారి తప్పిన సందర్భాలన్నీ ప్రమాదకరమైనవే. ముట్టు రోజులు, ప్రసవం తర్వాతి వారాలు, గర్భస్రావం జరిగిన తర్వాతి కాలం ఈ లెక్కలోకి వస్తాయి. భర్త చనిపోయి శుద్ధి ఇంకా జరగని విధవ విషయంలో ప్రమాదం రక్తానిది కాదు, చావుది. ఈ సమయాల్లో కలవడం నిషేధం. అన్నిటికంటే భయపడేది గర్భస్రావానికి, అందులోనూ ఎవరికీ చెప్పకుండా దాచిన దానికి. వైద్యుడి దగ్గర శుద్ధి చేయించుకోకుండా అలాంటి స్త్రీ ఒక మగవాడితో పడుకుంటే ఆ మలినం అతనిలో చేరుతుందనీ, మూత్రం మంట, పొత్తికడుపు నొప్పి, పుండ్లు మొదలవుతాయనీ, మందు వేయకపోతే మనిషి చిక్కి శల్యమై చనిపోతాడనీ చెబుతారు.

ఇలాంటి ఆలోచన వెండాలకే పరిమితం కాదు. ఇరుగుపొరుగు పెడీ, త్స్వానా జనాల్లోనూ గర్భస్రావం, వైధవ్యం చుట్టూ ఇటువంటి నిషేధాలున్నాయి. నదికి ఉత్తరాన షోనా వాళ్ళలో ‘రున్యోకా’ ఉంది. భర్త తన భార్య మీద మందు పెట్టిస్తే, ఆమెతో తప్పు చేసిన పరాయి మగవాడు రోగాన పడతాడన్నది దాని సారం. అక్కడ కూడా రోగం ప్రయాణించే దారి ఆడదాని శరీరమే.

ఇక సూక్ష్మజీవుల సంగతి. గనేరియా సోకిన మగవాడికి సాధారణంగా రెండు నుంచి ఐదు రోజుల్లో మూత్రంలో మంట, చీము మొదలవుతాయి. దాచుకుందామన్నా దాగదు. అదే గనేరియా సోకిన స్త్రీలలో సగం మందికి పైగా ఏ లక్షణమూ కనిపించదు. క్లామీడియా అయితే స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి అసలు తెలియదు. ఇప్పుడు ఊరివాడి కళ్ళతో చూడండి. ఒక మగవాడు ఒక స్త్రీతో కలిశాడు. మూడో రోజున అతనికి చీము కారింది. ఆమె చక్కగా నీళ్ళు మోసుకుంటూ తిరుగుతోంది. రోగం ఆమె దగ్గర కాపురముండి ఆమెను ఏమీ అనకుండా వీడిని పట్టిందన్న నిర్ణయానికి రావడానికి పెద్ద మూఢత్వం అక్కర్లేదు. ఆమెకు అది ఎవరి నుంచి వచ్చిందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. ఆమె భర్త హాస్టల్ నుంచి తెచ్చిన గనేరియా ఆరు నెలల కిందటిది. అతని చీము అక్కడే ఏదో ఇంజెక్షన్‌తో ఆగిపోయి ఉంటుంది.

సిఫిలిస్ ఇంకా గడుసుది. సోకిన సుమారు మూడు వారాలకు ఒక పుండు వస్తుంది. నొప్పి ఉండదు. మగవాడికైతే కనిపించే చోట వస్తుంది. స్త్రీకి లోపల, గర్భాశయ ముఖం మీద వస్తే ఆమెకే తెలియదు. మందు వేసినా వేయకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో ఆ పుండు మానిపోతుంది. మానింది పుండే, జబ్బు కాదు. రక్తంలో ఉన్న క్రిమి కొన్ని వారాలకు ఒళ్ళంతా దద్దుర్లుగా తేలి, మళ్ళీ అణగి, ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. ఈలోగా ఆ స్త్రీ గర్భవతి అయితే ఆ క్రిమి మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డను పట్టుకుంటుంది. కొత్తగా సోకిన సిఫిలిస్‌కు వైద్యం అందకపోతే గర్భం నిలవకపోవడం, చనిపోయిన బిడ్డ పుట్టడం, పుట్టిన కొద్దిరోజులకే బిడ్డ పోవడం చాలా ఎక్కువ.

గర్భస్రావం చుట్టూ అల్లిన భయానికి ఇక్కడ మంచి వివరణ దొరుకుతుంది. సిఫిలిస్ వల్ల ఒకామెకు అయిదో నెలలో గర్భం పోయింది. కొన్ని వారాల తర్వాత ఆమెతో కలిసిన మగవాడికి మూడు వారాలకు పుండు లేచింది. ఊరు చూసిన వరుస ఇది: ముందు గర్భస్రావం, తర్వాత మగవాడికి రోగం. రెండూ నిజంగా జరిగాయి, ఆ వరుసలోనే జరిగాయి. కానీ గర్భస్రావం రోగాన్ని పుట్టించలేదు. ఆ రెండింటికీ ముందే ఆమె రక్తంలో ఉన్న క్రిమి గర్భాన్నీ తీసింది, ఆ మగవాడికీ సోకింది. కంటికి కనిపించని మూడోది ఉందని తెలియకపోతే, కనిపించే రెండింటిలో మొదటిదే రెండోదానికి కారణమనిపిస్తుంది. సూక్ష్మదర్శిని లేని ఏ సమాజమైనా ఇదే లెక్క వేసి ఉండేది.

అసలు ఆ నిషేధాల్లో వైద్యపరంగా మేలు చేసేవీ ఉన్నాయి. గర్భస్రావం తర్వాత రక్తస్రావం ఆగేదాకా, ప్రసవం తర్వాత సుమారు ఆరు వారాల దాకా దూరంగా ఉండమని ఆసుపత్రి వాళ్ళూ చెబుతారు. గర్భాశయ ముఖం అప్పటికి పూర్తిగా మూసుకోదు, లోపలి పొర పచ్చిగా ఉంటుంది, క్రిములు సులువుగా పైకెక్కుతాయి. ప్రమాదం స్త్రీకి. వెండా నిషేధం చెప్పే దూరం సరైనదే, కాపాడాలనుకునే మనిషి మాత్రం మారిపోయాడు.

ఈ రక్తపు లెక్క కొత్త మందులను కూడా తనలో కలిపేసుకుంది. దక్షిణాఫ్రికా ప్రభుత్వ క్లినిక్‌లలో ఏళ్ళ తరబడి ఎక్కువగా వాడిన గర్భనిరోధకం ఇంజెక్షనే. డీఎంపీఏ అనే హార్మోన్ మందు 150 మిల్లీగ్రాములు మూడు నెలలకొకసారి, లేదా నోరెథిస్టెరోన్ ఎనాంథేట్ 200 మిల్లీగ్రాములు రెండు నెలలకొకసారి ఇస్తారు. డీఎంపీఏ ఏడాది పాటు వాడితే దాదాపు సగం మందికి ముట్టు ఆగిపోతుంది. గర్భాశయపు లోపలి పొర పలచబడి, రాల్చడానికి అక్కడ ఏమీ ఉండదు కాబట్టి ఆగుతుంది. కానీ ముట్టుతో మలినం పోతుందని నమ్మేవారికి, ముట్టు ఆగడమంటే మలినం లోపల పేరుకోవడమే. దాంతో ఇంజెక్షన్ వేయించుకునే ఆడవాళ్ళంతా రోగాల పుట్టలన్న అనుమానం పుట్టింది. క్లినిక్‌లో నర్సు ‘ఏం కాదమ్మా, మామూలే’ అని పంపించేస్తే అనుమానం పోదు. రక్తం లోపల ఆగిపోలేదు, అసలు తయారే కాలేదు అని విడమరిస్తే కొంత పోతుంది. ఆ ఒక్క వాక్యం చెప్పే ఓపిక చాలా చోట్ల కరువు.

జబ్బు పడ్డ మనిషి మొదట వెళ్ళేది చాలాసార్లు ‘నాంగా’ దగ్గరికి. మందులిచ్చే వైద్యుడు నాంగా, కారణం చెప్పే సోదిగాడు ‘ముంగోమె’. ఒకే మనిషి రెండూ చేయవచ్చు. నాలుగు ‘థాంగు’ పలకలు విసిరి, పడిన తీరును బట్టి రోగం ఎవరి వల్ల వచ్చిందో చదువుతారు. తర్వాత మందు. చెట్ల వేర్లు, బెరడు కాచిన కషాయం ప్రధానం. పుల్లరేగు లాంటి కాయ కాసే ముటాన్జ్వా వేరు, పసుపు పూల ముసెసె బెరడు, ముసుసు వేరు, మునెంబెనెంబె బెరడు తరచుగా వినిపిస్తాయి. చెడు రక్తం బయటికి పోవాలి కాబట్టి వాంతి చేయించడం, విరేచనం చేయించడం, ఎనిమా ఇవ్వడం, ఆవిరి పట్టడం కూడా వైద్యంలో భాగమే. కొన్నిసార్లు చర్మం మీద బ్లేడుతో చిన్న గాట్లు పెట్టి మందు రుద్దుతారు.

ఈ మందులు పనిచేస్తాయా? ప్రశ్న సూటిగా ఉన్నా జవాబు రెండు ముక్కలు. లింపోపో ప్రాంతపు మొక్కల మీద ప్రయోగశాలల్లో పరీక్షలు జరిగాయి. గాజు పళ్ళెంలో క్రిములను ఆపగలిగిన సారాలు కొన్ని దొరికాయి. ముసెసె సారం హెచ్‌ఐవీ వాడుకునే ఒక ఎంజైమును గాజు గొట్టంలో అడ్డుకుంది. కానీ గాజు పళ్ళెంలో పోసినంత గాఢత కషాయం తాగిన మనిషి రక్తంలోకి చేరాలి కదా. చాలా మొక్కల విషయంలో ఆ లెక్క కుదరదు. సిఫిలిస్‌ను, గనేరియాను మనిషిలో నయం చేసిందని సరైన పరీక్షలో తేలిన మొక్క మందు ఇప్పటికి లేదు.

మరి రోగులు నయమైందని ఎందుకంటారు? సిఫిలిస్ పుండు ఎలాగూ ఆరు వారాల్లో మానుతుంది. మొదటిసారి వచ్చిన హెర్పిస్ పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో ఎండిపోతాయి. మగవాడి గనేరియా చీము కూడా మందు లేకపోయినా కొన్ని వారాలకు తగ్గుముఖం పడుతుంది. నాంగా ఇచ్చిన కషాయం సరిగ్గా ఆ వారాల్లోనే నడుస్తుంది. పేరు కషాయానికి వస్తుంది.

హాని చేసే చోట్లు వేరే ఉన్నాయి. వీర్యపుష్టికని పేరున్న ‘ంపెసు’ చెట్టు వేరు గీకితే నొప్పుల బామ్ వాసన వస్తుంది, అందులో మిథైల్ సాలిసిలేట్ ఉంది. మోతాదు మించితే విషం. దాన్ని చిటికెల్లో కొలుస్తారు, ఒక్కో చెట్టు వేరులో బలం ఒక్కోలా ఉంటుంది. ఎనిమాలూ వాంతి మందులూ నీరసించిన మనిషిలో నీరు, లవణాలు లాగేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఒకే బ్లేడును ఇద్దరికి వాడితే గాటు ద్వారానే హెచ్‌ఐవీ, కామెర్లు పాకుతాయి. వీటన్నిటికంటే పెద్ద నష్టం ఆలస్యం. స్త్రీలో గనేరియా, క్లామీడియా పైకి పాకి అండవాహికలు అతుక్కుపోతే తర్వాత ఏ మందూ వాటిని విప్పలేదు. పిల్లలు పుట్టరు. ఆ నింద కూడా ఆమెకే.

అయితే నాంగా వైద్యంలో ఆసుపత్రులు అసూయపడాల్సినవి రెండున్నాయి. మందు నడిచినన్ని రోజులూ కలవకూడదన్న కట్టుబాటు ఒకటి. భార్యాభర్తలిద్దరూ మందు తాగాలన్న పట్టు రెండోది. సుఖవ్యాధుల వైద్యంలో సగం విజయం ఈ రెండింటిలోనే ఉంది.

క్లినిక్ ఈ రెండో పని చేయలేక చతికిలబడుతుంది. 1990ల నుంచి దక్షిణాఫ్రికాలో లక్షణాలను బట్టి వైద్యం చేసే పద్ధతి నడుస్తోంది. ల్యాబ్ ఫలితాల కోసం ఆగకుండా, చీము, తెల్లబట్ట, పుండు అని విభాగాలు చేసి, ఆ లక్షణం తెచ్చే ముఖ్యమైన క్రిములన్నిటికీ ఒకేసారి మందు ఇస్తారు. 2015 నాటి మార్గదర్శకాల ప్రకారం చీముకు సెఫ్ట్రియాక్సోన్ 250 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, అజిత్రోమైసిన్ ఒక గ్రాము మాత్రలు. తెల్లబట్ట అయితే మెట్రోనిడజోల్ రెండు గ్రాములు అదనం. గనేరియా మందులకు లొంగకుండా మారుతున్నకొద్దీ సెఫ్ట్రియాక్సోన్ మోతాదు పలుచోట్ల పెంచుతూ వచ్చారు. మొదటి దశ సిఫిలిస్‌కు బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒకే విడత. పాతబడినదైతే వారానికొకటి చొప్పున మూడు వారాలు. ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. లక్షణం లేని మనిషి ఇందులో కనిపించదు, అంటే స్త్రీలలో ఎక్కువమంది.

ఆ లోపాన్ని పూడ్చాల్సింది భాగస్వామికి ఇచ్చే చీటీ. రోగి చేతికి ఒక చీటీ ఇచ్చి, నీ భాగస్వామిని పంపమంటారు. కాగితం మీద చాలా చక్కటి ఆలోచన. వెండా ఇంట్లో అది ఏమవుతుందో చూడండి. భార్య ఆ చీటీ తెచ్చి భర్త చేతిలో పెట్టిందంటే, రోగాలు ఆడవాళ్ళ నుంచే వస్తాయని నమ్మే ఇంట్లో తన నేరాన్ని తనే రాసిచ్చినట్టు. దెబ్బలు తినవచ్చు, పుట్టింటికి పోవాల్సి రావచ్చు. అదే భర్త తెచ్చి భార్యకిస్తే అది నేరారోపణ. అందుకే చీటీలు చాలావరకు జాకెట్లో, జేబులో నలిగి పోతాయి. వారం తిరక్కుండా రోగం మళ్ళీ అంటుకుంటుంది. ‘ఆసుపత్రి మందు పనిచేయలేదు’ అన్న మాట ఊళ్ళో మొదలవుతుంది. చీటీ మీద రోగం పేరు రాయకుండా, ఎవరి నుంచి ఎవరికి అన్న ప్రస్తావన లేకుండా, ‘ఇద్దరికీ కలిపి పరీక్ష’ అని రాసి ఇచ్చినా, కుదిరితే భార్యాభర్తలను ఒకేసారి పిలిచి మాట్లాడినా ఫలితం మెరుగ్గా ఉంటుంది.

ఎయిడ్స్ వచ్చాక ఈ నమ్మకాల చిక్కుముడి మరింత బిగిసింది. మనిషి చిక్కి శల్యమై పోవడమన్నది పాత నిషేధాల్లో చెప్పిన శిక్షే. ఎయిడ్స్ కొత్త రోగంలా కాక, పాత మాట రుజువైనట్టు కనిపించింది. 1990ల చివర నుంచి ఊళ్ళలో స్వచ్ఛంద కార్యకర్తలు, ఎక్కువగా యువతులు, పాటలు పాడుతూ కండోమ్‌లు పంచేవారు. అప్పుడే ‘కండోమ్ వల్లే ఎయిడ్స్ వస్తుంది’ అన్న మాట గట్టిగా వ్యాపించింది. కండోమ్‌లో నీళ్ళు పోసి ఎండలో పెడితే పురుగులు కనిపిస్తాయని చెప్పుకునేవారు. దాన్ని చూసి నవ్వేవారు గమనించాల్సింది ఒకటుంది. వెండాలో చావుకు కారణం పైకి చెప్పడం మర్యాద కాదు, ప్రమాదం కూడా. ఫలానా వాడు ఎలా చనిపోయాడో నీకు తెలిసిందంటే, అందులో నీ చేయి ఉందేమోనన్న అనుమానం వస్తుంది. 1980, 90లలో ఆ ప్రాంతంలో చేతబడి చేశారని మనుషులను చంపేసిన ఘటనలు ఎన్ని జరిగాయంటే, ప్రభుత్వం ప్రొఫెసర్ రలుషాయి ఆధ్వర్యంలో విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. అలాంటి చోట ఒక రోగం గురించి, చావు గురించి వీధిలో నిలబడి పాడే అమ్మాయిలను జనం ఎలా చూస్తారు? వాళ్ళకు ఇంత తెలుసంటే, తెచ్చింది వాళ్ళేనన్నట్టు చూశారు. మౌనం పాటించినవాళ్ళు అజ్ఞానంతో కాదు, తమను కాపాడుకోవడానికి పాటించారు.

పైనుంచి వచ్చిన గందరగోళం కూడా తక్కువేం కాదు. అప్పటి అధ్యక్షుడు థాబో ఎంబెకీయే ఎయిడ్స్‌కు హెచ్‌ఐవీ కారణమా అని బహిరంగంగా సందేహించాడు. తల్లి నుంచి బిడ్డకు సోకకుండా ఆపే నెవిరపిన్ ఇవ్వమని 2002లో రాజ్యాంగ న్యాయస్థానం ప్రభుత్వాన్ని ఆదేశించాల్సి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ మందులు 2004లో గానీ మొదలు కాలేదు. 2007లో నాణ్యత ధ్రువీకరణలో లంచం బయటపడి, ప్రభుత్వం పంచిన కండోమ్‌లను కోట్ల సంఖ్యలో వెనక్కి పిలిచారు. ఊరివాళ్ళు అనుమానించింది తప్పు కారణంతోనే, కానీ అనుమానించడానికి కారణమే లేదని ఎవరూ అనలేరు.

ఆడపిల్లల దీక్షల విషయం క్లుప్తంగా. రజస్వల అయ్యాక ‘వుషా’, పెళ్ళికి ముందు ‘డోంబా’ జరుగుతాయి. ఒకరి వెనుక ఒకరు చేతులు పట్టుకుని పాములా సాగే డోంబా నృత్యం పర్యాటకుల ఫోటోలకెక్కింది. అందులో నేర్పే ‘మిలాయో’ అనే నియమాల్లో ముట్టు, గర్భం, దూరం పాటించాల్సిన రోజులు అన్నీ ఉంటాయి. అంటే మలినం రాకుండా చూసుకునే బాధ్యత పదిహేనేళ్ళకే ఆడపిల్ల భుజాన పడుతుంది. కన్యత్వ పరీక్షలను 16 ఏళ్ళ లోపు పిల్లలకు చేయకూడదని 2005 బాలల చట్టం నిషేధించింది. కన్యత్వం చూసి సుఖవ్యాధి లేదని తేల్చడం కుదరదన్నది వేరే సంగతి. మగపిల్లల ‘మురుండు’ దీక్షలో సున్తీ చేస్తారు. వైద్యులు చేసే సున్తీ మగవాడికి హెచ్‌ఐవీ సోకే అవకాశాన్ని దాదాపు 60 శాతం తగ్గిస్తుందని ఆఫ్రికాలో 2005 నుంచి వచ్చిన పరీక్షలు చూపాయి. కానీ దీక్షలో చర్మం ఎంత తీశారన్నది, బ్లేడు ఎన్ని చేతులు మారిందన్నది చూడకుండా ఆ అంకెను దానికి అంటగట్టకూడదు.

2007 నాటి 22వ చట్టం దక్షిణాఫ్రికాలో సంప్రదాయ వైద్యులకు గుర్తింపునిచ్చింది. నాంగాను క్లినిక్‌తో కలిపే ప్రయత్నాలకు అది ఒక ఆధారం. కానీ ‘మీ నమ్మకం తప్పు’ అని మొదలుపెట్టే శిక్షణ మొదటి రోజుతోనే ముగుస్తుంది. మలినం మాటను పక్కన పెట్టి, నాంగా దగ్గరికి ఎవరు వస్తారో దాన్నుంచి మొదలుపెడితే పని జరుగుతుంది. గర్భం పోయిన స్త్రీని శుద్ధి కోసం ముందుగా తీసుకొచ్చేది అతని దగ్గరికే. శుద్ధి చేసిన రోజే ఆమెను, భర్తను కలిపి రక్తపరీక్షకు పంపమంటే అతని నమ్మకానికీ అడ్డు రాదు, రక్తం శుభ్రం కావడమే అతనికీ కావాల్సింది. వేలికొసన రక్తపు చుక్క తీసి చేసే సిఫిలిస్ పరీక్ష ఇరవై నిమిషాల పని. ఆమె మళ్ళీ గర్భం దాల్చాక తేలినా చేయాల్సింది పెన్సిలినే. గర్భంలోని బిడ్డను సిఫిలిస్ నుంచి కాపాడుతుందని తేలిన మందు మరొకటి లేదు. పెన్సిలిన్ ప్రసవానికి కనీసం 30 రోజుల ముందు అందాలి, భర్తకూ అందాలి. భర్తకు ఇంజెక్షన్ పడకపోతే రోగం ఆమెకు మళ్ళీ అంటుకుని, ఆమెకు వేసింది వృథా కావచ్చు, అది నాంగాకు విడిగా చెప్పనవసరం లేదు. ఇద్దరికీ మందు పోయందే వైద్యం పూర్తి కాదని అతను ఎప్పటినుంచో అంటున్నదే.